పిల్లి పట్టు, కోతి పట్టు

బోడినాయకనూరు నుంచి పడమటికి 17 హెయిర్‌పిన్ మలుపులు ఎక్కితే బోడిమెట్టు. అది దాటితే కేరళ. యాలకుల తోటల్లో పనికి కూలీల జీపులు పొద్దున్నే ఆ ఘాట్ ఎక్కి సాయంత్రానికి దిగుతాయి. తోటల్లో మలయాళం, బజారులో తమిళం, కంబళత్తు నాయకర్ల ఇళ్లలో తెలుగు. మదురై నాయకుల నాటి 72 పాళయాల్లో ఇదొకటి. ఇక్కడి పాలెగాళ్ల పూర్వీకులు గుత్తి సీమ నుంచి వచ్చారని వంశ కథనం. చెన్నై కంటే కొచ్చి దగ్గర. అందుకే ఇక్కడ ఫుట్‌బాల్ పిచ్చి పట్టిన తెలుగు కుర్రాడిని మూడు జట్లు మూడు వైపులా లాగుతాయి. రాష్ట్రం లెక్కన నీలం చొక్కా చెన్నైయిన్, కొండ లెక్కన పసుపు చొక్కా కేరళ బ్లాస్టర్స్, ఇంటి భాష లెక్కన నిన్నమొన్నటి దాకా హైదరాబాద్ ఎఫ్‌సీ.

భాష లెక్క కూడా అంత తిన్నగా తేలదు. పసుపు చొక్కాల వెనక గొంతు మలయాళీలదే, డబ్బు మాత్రం మొదటినుంచీ చాలావరకు తెలుగువాళ్లది. 2014లో సచిన్ తెందూల్కర్‌తో కలిసి ఆ జట్టును కొన్నది ప్రసాద్ వి. పొట్లూరి సంస్థ. 2016లో చిరంజీవి, నాగార్జున, అల్లు అరవింద్, నిమ్మగడ్డ ప్రసాద్ భాగస్వాములయ్యారు. 2018లో సచిన్ తన వాటా వదులుకుని తప్పుకున్నాడు. అంటే కొచ్చి స్టేడియంలో వేలమంది మలయాళీ అభిమానులు ‘యజమాని మొండివాడు’ అని గొంతు చించుకున్నప్పుడు, ఆ మాట పడుతున్నది ఓ తెలుగింటి వాడు.

ఆ జట్టు కోచ్‌ల జాబితా చదువుతుంటే ఊపిరాడదు. 2014లో డేవిడ్ జేమ్స్, 2015లో పీటర్ టేలర్, అదే సీజన్ మధ్యలో టెర్రీ ఫెలాన్, 2016లో స్టీవ్ కాపెల్, 2017లో రెనే మ్యూలెన్‌స్టీన్, 2018 జనవరిలో మళ్లీ డేవిడ్ జేమ్స్, ఆ డిసెంబరులో ఆయనకూ ఉద్వాసన. తర్వాత నెలో వింగాడా, ఎల్కో షటోరి, కిబు వికూన్యా. దాదాపు ఏడాదికొకరు. ఆ వరసలో 2021లో వచ్చిన సెర్బియన్ ఇవాన్ వుకొమనొవిచ్ ఒక్కడే మూడు సీజన్లు నిలిచాడు.

కురుక్షేత్రంలోనూ ఇలాంటి జాబితా ఒకటుంది. దుర్యోధనుడి సేనకు భీష్ముడు పది రోజులు, ద్రోణుడు అయిదు, కర్ణుడు రెండు, శల్యుడు ఒక్క పూట. చివరికి తొడలు విరిగి పడి ఉండగా అశ్వత్థామకు సేనాధిపత్యం కట్టబెట్టాడు. వాళ్లను రారాజు తీసేయలేదు, పడిపోయారు కాబట్టే మార్చాల్సి వచ్చింది. కానీ పడిపోకముందు వాళ్లతో అతను నడుచుకున్న తీరు చూడండి. పాండవుల మీద మమకారంతో చేతులు ముడుచుకుంటున్నావని భీష్ముణ్ని నిలదీశాడు. ఆ తాత సేనాపతిగా ఉన్నంతకాలం యుద్ధభూమిలో అడుగు పెట్టనని కర్ణుడు భీష్మించుకుంటే సరేనన్నాడు. కోచ్ నచ్చలేదని బెంచీ మీద కూర్చున్న స్టార్ ఆటగాడికి అంతకంటే పాత ఉదాహరణ దొరకదు. అవతల పాండవులు ధృష్టద్యుమ్నుణ్ని పద్దెనిమిది రోజులూ మార్చలేదు. అభిమన్యుడు పోయిన రాత్రి కూడా మార్చలేదు. ‘కోచ్‌ని నమ్మండి’ అని వాదించేవాళ్లకు ఇంతకంటే మంచి సాక్ష్యం ఉండదనిపిస్తుంది. కాకపోతే ధృష్టద్యుమ్నుడి పక్కన కృష్ణుడున్నాడు. ఆ సౌకర్యం ఏ క్లబ్బుకూ లేదు.

నమ్మి ఉంచుకోవడం మంచిదా, ఫలితం చూసి పంపించేయడం మంచిదా? అభిమానులు దీన్ని ఆట ప్రశ్న అనుకుంటారు. నిజానికి తమిళదేశపు శ్రీవైష్ణవం ముఖ్యంగా ఇలాంటి ప్రశ్న మీదే రెండుగా చీలింది. పిళ్లై లోకాచార్యుల బాట పట్టిన తెంకలై వారు భగవంతుడి కృప నిర్హేతుకమన్నారు. తల్లి పిల్లి పిల్లను నోట కరచుకుని పోతుంది. పిల్ల చేయాల్సిన పని ఏమీ లేదు, గింజుకోకుండా ఉంటే చాలు. వేదాంత దేశికుల బాటలోని వడకలై వారు కోతిపిల్లను చూపించారు. మోసేది తల్లే, కానీ పొట్టను కరచి పట్టుకోవాల్సిన పని పిల్లది. ఆ చిన్న ప్రయత్నానికి వాళ్లు పెట్టిన పేరు వ్యాజం. అది కృపకు మూల్యం కాదు, ఒక సాకు మాత్రమే. ఆ సాకైనా లేకపోతే ఒకణ్ని కాచి మరొకణ్ని వదిలేసిన దేవుడి మీద పక్షపాత నింద పడుతుందని దేశికుల వాదం. ఆ నింద గురించి బ్రహ్మసూత్రాలు రెండో అధ్యాయంలోనే తర్కించాయి. జీవుల కర్మను బట్టి నడుచుకుంటాడు గనక ఈశ్వరుడికి పక్షపాతమూ క్రూరత్వమూ అంటవని తేల్చాయి.

ఈ చర్చ పండితుల గదుల్లోనే ఆగలేదు. కంచి వరదరాజస్వామి గుడి ఏనుగు నుదుట ఏ శాఖ నామం దిద్దాలన్న తగవు కోర్టు మెట్లెక్కింది. చొక్కా రంగు కోసం కొట్టుకునే అభిమాన సంఘాలను చూసి నవ్వుకునే పెద్దలు ఆ ఏనుగును ఒకసారి తలుచుకుంటే మంచిది.

మళ్లీ మైదానానికి వద్దాం. 2023 మార్చి 3. బెంగళూరులో, బెంగళూరు జట్టుతో నాకౌట్ మ్యాచ్. బ్లాస్టర్స్ ఆటగాళ్లు గోడ కట్టుకోకముందే సునీల్ ఛెత్రి ఫ్రీకిక్‌ను గోల్‌లోకి పంపాడు, రిఫరీ చెల్లుతుందన్నాడు. వుకొమనొవిచ్ జట్టు మొత్తాన్నీ మైదానం నుంచి బయటికి తీసుకుపోయాడు. ఆట అక్కడితో ముగిసింది. ఫుట్‌బాల్ సమాఖ్య క్లబ్బుకు 4 కోట్ల రూపాయల జరిమానా వేసింది, కోచ్‌కు పది మ్యాచ్‌ల నిషేధంతో పాటు 5 లక్షలు. క్లబ్బూ, కోచూ క్షమాపణ చెప్పారు. ఉద్యోగం మాత్రం పోలేదు. అంత ఖరీదైన తప్పు చేసిన కోచ్‌ను అభిమానులు నెత్తిన పెట్టుకున్నారు, యజమాని పట్టు వదల్లేదు. తెంకలై ఆచార్యులు ఒక అడుగు ముందుకేసి, భక్తుడి దోషాన్ని దేవుడు క్షమించడమే కాదు, ఇష్టంగా స్వీకరిస్తాడన్నారు. ఆ వారం కొచ్చిలో అందరూ తెంకలైలే.

ఏడాది గడిచింది. 2024 ఏప్రిల్ 19న ప్లేఆఫ్‌లో ఒడిశా చేతిలో ఓటమి, 26న వుకొమనొవిచ్ నిష్క్రమణ. అతని స్థానంలో వచ్చిన స్వీడన్ దేశస్థుడు మికాయెల్ స్టారే ఆడించిన పన్నెండు లీగ్ మ్యాచ్‌ల్లో గెలిచినవి మూడు, ఓడినవి ఏడు. ఆ డిసెంబరులో మంజప్పడ అనే అభిమానుల సంఘం ఇక టికెట్లు కొనేది లేదని ప్రకటించింది. వాళ్ల కోపం ముఖ్యంగా యాజమాన్యం మీద. జట్టును కట్టే తీరు మీద, ఆశయం లేకపోవడం మీద. జవాబుగా కొద్దిరోజుల్లో పోయింది కోచ్ ఉద్యోగం.

పల్లె జాతరల్లో మేకను బలిచ్చే ముందు దాని మీద పసుపు నీళ్లు చల్లి, అది ఒళ్లు విదిలించే దాకా ఆగుతారు. విదిలిస్తే ఒప్పుకున్నట్టు లెక్క. ఫుట్‌బాల్ క్లబ్బుల ప్రకటనల్లో తరచుగా కనిపించే ‘పరస్పర అంగీకారంతో’ అన్న మాట ఆ విదిలింపే. మేకకు ఊరి కరువుతో ఎంత సంబంధమో, స్టారేకు అభిమానుల అసలు ఫిర్యాదుతో ఇంచుమించు అంతే.

అయితే బలి ఇస్తే వాన పడుతుందా? పడినట్టే కనిపిస్తుంది, చిక్కంతా అక్కడే. డచ్ ఆర్థికవేత్త బాస్ టెర్ వీల్ ఆ దేశపు మొదటి శ్రేణి లీగ్‌లో 1986 నుంచి 2004 దాకా కోచ్‌ల మార్పులను పరిశీలించి 2011లో ఒక పత్రం ప్రచురించాడు. కోచ్‌ను తీసేసిన తర్వాత ఫలితాలు మెరుగుపడ్డాయి. కానీ అదేవిధంగా దిగజారి కూడా కోచ్‌ను తీసేయని జట్ల ఫలితాలూ అలాగే కోలుకున్నాయి. వరస ఓటముల అడుగున ఉన్నప్పుడు వేటు పడుతుంది కాబట్టి, ఆ తర్వాత వచ్చే మామూలు రోజులు కొత్త కోచ్ ఖాతాలో చేరుతాయి. వేటుకూ గెలుపుకూ ఉన్న చుట్టరికం చాలావరకు కాకతాళీయం.

ఎదురు ఉదాహరణ బోడినాయకనూరు కుర్రాడి ఇంకో జట్టులోనే ఉంది. కోచ్ జాన్ గ్రెగరీ 2018 మార్చి 17న బెంగళూరును 3-2తో ఓడించి చెన్నైయిన్‌కు టైటిల్ తెచ్చాడు. మరుసటి సీజన్లో అదే జట్టు పట్టిక అడుగున తేలింది. అభిషేక్ బచ్చన్, వీటా దానీ, ధోనీల యాజమాన్యం అయినా అతన్ని ఉంచింది. 2019 నవంబరు వచ్చేసరికి ఆరు మ్యాచ్‌ల్లో ఒక్క గెలుపు, ఇక తప్పుకున్నాడు. ఓవెన్ కోయిల్ వచ్చాడు, పట్టికలో బాగా కిందున్న జట్టు ఫైనల్ దాకా వెళ్లింది. ఇక్కడ నమ్మకం పనిచేయలేదు, మార్పు పనిచేసింది. ఏ పక్షం వాదించేవాడికైనా ఓ ఉదాహరణ సిద్ధంగా ఉండటం ఈ చర్చకున్న శాపం.

సయ్యద్ అబ్దుల్ రహీమ్ సంగతి వేరు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు 1950 నుంచి వరసగా అయిదు రోవర్స్ కప్పులు గెలిపించిన మాస్టారు ఆయన. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో ఆయన శిక్షణలోని భారత జట్టు యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడింది. ఆయన్ను ఉంచాలా తీసేయాలా అని ఆ రాత్రి ఓటు పెడితే ఏం తేలేదో ఊహించడం కష్టం కాదు. నాలుగేళ్ల తర్వాత మెల్‌బోర్న్‌లో అదే రహీమ్ జట్టు ఒలింపిక్స్ నాలుగో స్థానంలో నిలిచింది. 1962 జకార్తా ఏషియాడ్‌లో మొదటి మ్యాచ్ దక్షిణ కొరియాకు 2-0తో అప్పగించి, ఫైనల్లో అదే కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చింది. అప్పటికే కేన్సర్ తినేస్తున్న మనిషి, మరుసటి జూన్‌లో కన్నుమూశాడు. ఫలితాన్ని ఏ రోజున చదవాలన్నది రహీమ్ జీవితం అడిగే ప్రశ్న. కర్మకు ఫలం ఉంటుందని నమ్మే మన సంప్రదాయం కూడా అది పండే తేదీని ఎప్పుడూ చెప్పలేదు. సంచితం, ప్రారబ్ధం, ఆగామి అని మూడు ఖాతాలు తెరిచి ఊరుకుంది.

ఉద్యోగం పోకపోవడమంతా కృప కాదు. ఇది హైదరాబాద్ ఎఫ్‌సీ నేర్పిన పాఠం. 2022 మార్చి 20న గోవాలో, మనోలో మార్కెజ్ శిక్షణలో, పెనాల్టీల మీద ఆ జట్టు ఛాంపియన్ అయింది. ఓడింది బ్లాస్టర్సే, తెలుగు ఊరి జట్టు చేతిలో తెలుగు యజమానుల జట్టు. రెండేళ్లు తిరక్కుండానే జీతాల సంక్షోభంలో పెద్ద ఆటగాళ్లంతా వెళ్లిపోయారు. కోచ్ థాంగ్‌బోయ్ సింగ్టో మిగిలిన కుర్రాళ్లతో సీజన్ లాగాడు. జట్టు అట్టడుగున నిలిచింది. అతన్ని ఎవరూ తీసేయలేదు. దాన్ని యాజమాన్య విశ్వాసం అనాలా? పిల్లి పిల్లను నోట పట్టుకోవడానికీ, పిల్లను మరిచిపోయి పోవడానికీ తేడా ఉంది. దూరం నుంచి రెండింట్లోనూ పిల్ల కదలకుండానే కనిపిస్తుంది. తర్వాత కొత్త యాజమాన్యం వచ్చింది, 2024 డిసెంబరులో సింగ్టోను పంపేసింది. 2025లో క్లబ్బే పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. బోడినాయకనూరు కుర్రాడికి భాష లెక్క జట్టు లేకుండా పోయింది.

ఇక్కడే యజమానికీ దేవుడికీ పోలిక తెగుతుంది. లోకాచార్యుల దేవుడు కారణం లేకుండా కాచినప్పుడు ఆ కృప ఖర్చు ఆయనే భరిస్తాడు. యజమాని కారణం చెప్పకుండా కోచ్‌ను కాచినప్పుడు ఖర్చు ఇతరులది. తోట కూలి డబ్బుల్లోంచి టికెట్ కొన్నవాడిది, కొద్దిపాటి ఆట వయసులో ఒక ఏడాది పోగొట్టుకున్న ఆటగాడిది. ఇతరుల సొమ్ముతో నిర్హేతుక కృప చూపించే హక్కు ఎవరికీ లేదు. అలాగని ప్రతి ఓటమినీ కోచ్ పాపం కింద జమకట్టే హక్కు అభిమానికీ లేదు. టెర్ వీల్ లెక్కలు ఆ మాటే చెబుతున్నాయి. యజమాని విషయంలో దేశికులే సరిపోతారు. ఆయన అడిగింది ఫలితం కాదు, వ్యాజం. ఈ మనిషిని ఎందుకు ఉంచాను, ఏం చూసి ఉంచాను, ఎప్పటిదాకా అన్నది చెప్పమనడం. మొండితనం అంటే పట్టు వదలకపోవడం కాదు, పట్టుకున్న కారణం చెప్పకపోవడం. పద్దెనిమిది రోజులు సేనాపతిని మార్చని పాండవులు రాత్రుళ్లు శిబిరంలో కూర్చుని ఎందుకు ఓడామో మాట్లాడుకున్నారు. భీష్ముణ్ని పడగొట్టే ఉపాయాన్ని భీష్ముడినే వెళ్లి అడిగింది అలాంటి ఒక రాత్రే.

కొచ్చిలో టికెట్ల బహిష్కరణ తర్వాత, 2025 జనవరిలో బ్లాస్టర్స్ యాజమాన్యం అభిమానుల సలహా మండలిని ఏర్పాటు చేస్తామని ప్రకటించింది. సలహా మండలి గనక కోచ్‌ను ఉంచే అధికారమూ తీసే అధికారమూ దానికి ఉండవు. జర్మనీలో లాగా క్లబ్బు ఓట్లలో సగానికి పైగా సభ్యుల చేతిలో ఉండాలన్న నియమం ఇక్కడ లేదు, దగ్గర్లో వచ్చే సూచనా లేదు. రెండు నెలల తర్వాత డేవిడ్ కటాలాను కొత్త కోచ్‌గా తెచ్చారు. లీగ్ సీజన్ అప్పటికే ఎనిమిదో స్థానంతో ముగిసింది. వచ్చే వరస ఓటముల్లో ఆ మండలి సభ్యులు యజమాని ఎదుట కూర్చుని అడగాల్సిన మొదటి ప్రశ్న ‘ఎప్పుడు తీసేస్తారు’ అన్నది కాదు, ‘ఏం చూసి తెచ్చారు’ అన్నది. జవాబు మినిట్స్‌లో రాయించి అందరికీ కనిపించేలా పెట్టమని కూడా అడగాలి.