కళాకారుని ఋణం

‘ప్రజల కొరకు కళ’ అనే మాట వింటూ పెరిగినవాళ్ళం మనం. కాని కళాకారుడు ప్రజలకు ఎంతమేరకు ఋణపడి ఉన్నాడు? తనకు బాగా చేతనయిన పనినే వదులుకోవలసినంతగానా? యీ ప్రశ్నను నా ముందు నిలబెట్టింది లండన్‌లోని ఒక చిన్న వాద్యబృందపు చరిత్ర.

1965లో కీత్ రో, లూ గేర్, ఎడ్డీ ప్రివో అనే యువకులు ‘ఎ.ఎం.ఎం.’ అనే పేరుతో కలిసి వాయించటం మొదలుపెట్టారు. అందరూ జాజ్ వాయించినవాళ్ళే. ఇక్కడ మాత్రం ముందుగా అనుకున్న బాణీ లేదు, వ్రాసుకున్న స్వరం లేదు, నాయకుడు లేడు. రో తన గిటారును బల్లమీద వెల్లకిలా పడుకోబెట్టి, చేతికందిన వస్తువులతో తీగలు మీటేవాడు. ప్రక్కన ట్రాన్సిస్టర్ రేడియో మ్రోగేది. ఏ శబ్దం తన వాద్యానిదో వాయించేవాడికే తెలియని క్షణాలు వచ్చేవి. మన గాయకుల మనోధర్మంతో దీనిని పోల్చబోయే మిత్రులున్నారు. ఆ పోలిక కుదరదు. మన కల్పనస్వరానికి రాగం గట్టు కడుతుంది. వీళ్ళకు గట్టు లేదు. ఉన్నదల్లా ప్రక్కవాడిని వినవలసిన బాధ్యత.

1966లో కార్నీలియస్ కార్డ్యూ వీరితో చేరాడు. జర్మనీలో స్టాక్‌హౌజెన్‌కు సహాయకుడుగా పనిచేసినవాడు. స్వరాలకు బదులు గీతలూ, వృత్తాలూ నింపిన 193 పుటల ‘ట్రీటిస్’ను వ్రాస్తూ, దానిని ఎలా వాయించాలో ఒక్క సూచనైనా ఇవ్వనివాడు. 1969లో మరి ఇద్దరితో కలిసి ‘స్క్రాచ్ ఆర్కెస్ట్రా’ స్థాపించాడు. సంగీతం నేర్చినవారూ, నేర్వనివారూ అందులో సమానులే.

అంతలో అతడు మార్క్సిజాన్ని, మావో రచనలను చదివాడు. యీ సంగీతాన్ని వినేదెవరు? కార్మికుడు వింటున్నాడా? లేదు. 1974లో వెలువడిన తన పుస్తకంలో స్టాక్‌హౌజెన్‌ను సామ్రాజ్యవాద సేవకుడన్నాడు. అదే పుస్తకంలో తన ‘ట్రీటిస్’నూ వదలలేదు. రో కూడా అతని దారినే పట్టాడు. బృందంలో గేర్, ప్రివో ఇద్దరే మిగిలారు. కార్డ్యూ ఊరేగింపులకు పాటలు కట్టాడు, పార్టీ నిర్మాణంలో పాల్గొన్నాడు. 1981 డిసెంబరు 13న లండన్‌లోని లేటన్‌లో ఒక కారు అతనిని ఢీకొని ఆగకుండా పోయింది. అప్పటికతనికి 45 ఏళ్ళు.

అతని ప్రశ్న న్యాయమైనదని నేను ఒప్పుకుంటాను. పదిమంది మిత్రులు ఒక గదిలో అనుభవించే సమానత్వాన్ని సమాజంలోని సమానత్వంగా భ్రమపడటం మధ్యతరగతి మేధావికి సులువు. గది తలుపు తీస్తే బయట అద్దె వసూలు చేసేవాడు నిలబడే ఉంటాడు. కాని కార్డ్యూ సమాధానం నన్ను తృప్తిపరచదు. ఆ సంగీతాన్ని మానుకునే హక్కు అతనికుంది. అది అబద్ధమని తోటివారి తరపున కూడా తీర్పు చెప్పే హక్కు ఉన్నదా? ఎవరూ ఎవరికీ యజమాని కాకుండా, ఒకరినొకరు వింటూ పనిచేయటం నేర్చిన ఆ సాధన శ్రామికవర్గానికి ఎందుకు పనికిరాదు? ప్రజానాట్యమండలిలో నాజర్ బుర్రకథ చెప్పినప్పుడు జనం ఎరిగిన రూపాన్నే చేపట్టాడు. అయితే తాను సాధించిన సంగీతాన్ని ఇంట్లో వదిలి రాలేదు. అటువంటి సజీవమైన రూపం లండన్‌లో కార్డ్యూ చేతికి అందలేదు. అది అతని తప్పు కాదు. రో మాత్రం తిరిగి వచ్చాడు. 1979 నాటికి ప్రివోతో మళ్ళీ వాయిస్తున్నాడు. దానిని కొందరు వెనకడుగు అంటారు, నేననను.

ఇదంతా దూరదేశపు ముచ్చటగా నేను చెప్పటం లేదు. చాలా ఏళ్ళ క్రితం ఒక గోష్ఠిలో ఒక యువకుడు తన కవితలు చదివాడు. నాకు సగం అర్థంకాలేదు. లేచి, “యీ కవిత్వం ఏ కూలీకి అర్థమవుతుంది?” అని అడిగాను. సభ చప్పట్లు కొట్టింది. ఆ కవితలను రెండవసారి చదివి చూద్దామని నాకు తోచలేదు. నేనడిగిన కూలీని కూడా మేమెవరమూ ఆ సభకు పిలవలేదు. ఆ యువకుడు కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ తరువాత అతని పేరు ఏ పత్రికలోనూ నాకు కనిపించలేదు.