నోట దాచిన తల్లి

చదువవలసిన భాగములు: మత్తయి 17:24–27, యాకోబు 3:1–12



సంఘ సందర్శనకై తెనాలి నుండి రేపల్లె బండిలో వెళ్లి, ఒక విశ్వాసి గృహమున బసచేసితిమి. ఆ యింటి వసారాలో రెండు అద్దాల తొట్లున్నవి. పెద్దదానిలో తిలాపియా చేపలు తిరుగుచుండెను. ఇవి ఆఫ్రికా ఖండపు చేపలు. 1952లో మన దేశమునకు తెచ్చిరి. నేడు మన కాలువలలోను చెరువులలోను వీటి నెరుగనివారు అరుదు.

చిన్న తొట్టికి గుడ్డ కప్పియుండెను. లోపల ఒకే చేప, దాని గొంతు క్రింద ఉబ్బియున్నది. దానిని కదలించి చూతమని అద్దముమీద వ్రేలితో తట్టబోతిమి. ఇంటి తల్లి పరుగున వచ్చి, “తట్టకండి అయ్యగారూ! నోట్లో గుడ్లున్నాయి. బెదిరితే ఉమ్మేస్తుంది, లేదా మింగేస్తుంది” అనెను.

ఆమె వివరించిన సంగతి ఇది. మగచేప ఇసుకలో గుంట చేయును. ఆడచేప అందులో గుడ్లు పెట్టి, వెంటనే వాటిని నోటిలోనికి తీసికొనును. కొద్ది దినములకు అవి పిల్లలగును. అయినను తల్లి విడువదు. ఇంచుమించు రెండు వారములు వాటిని నోట మోయుచు, నీరాడునట్లు మెల్లగా దొర్లించుచుండును. అంతకాలము దానికి దాదాపు ఉపవాసమే. పిల్లలు బయట ఈదసాగిన తరువాతను, అపాయము తోచినప్పుడు తిరిగి తల్లి నోటిలోనే దూరును.

గలిలయ సముద్రములోను ఈ కుటుంబపు చేపలున్నవి. అందొకదానిని జనులు పేతురు చేప అందురు. అదియు పిల్లలను నోట దాచుకొనునదే. పేతురు గాలమునకు తగిలిన చేప ఏ జాతిదో సువార్తికుడు వ్రాయలేదు. దాని నోట పన్ను చెల్లించుటకు తగిన నాణెము దొరకునని ప్రభువు చెప్పెనని మాత్రము వ్రాసెను. మన నోరు తెరచి చూచినచో ప్రభువునకు ఏమి దొరకును?

ప్రియులారా, మా తప్పు ఒప్పుకొనుచున్నాము. బాపట్ల ప్రాంతమున ఒక సంఘములో, త్రాగుడుకు లోబడిన యౌవనుడొకడు చాలకాలమునకు ఆరాధనకు వచ్చి కడపటి చాపమీద కూర్చుండెను. ఆరాధన ముగిసి వాకిట నిలిచి, పెద్దలతో కూడ మేమును అతని సంగతి మాటలాడితిమి. అతడు వినెను. మరల ఆదివారము రాలేదు. తిరిగి వచ్చిన బిడ్డను మేమే మ్రింగివేసితిమి.

సహోదరుని బలహీనత మన చెవిని పడినప్పుడు, అది మన నోట పెట్టబడిన గుడ్డువంటిది. ఉమ్మివేసినచో వీధిపాలగును, రుచిచూచి మ్రింగినచో నశించును. మోయుట యొక్కటే మార్గము. తినుట, మోయుట రెండును ఒక్క నోట జరుగవు గనుక ఆ చేప ఆకలినే కోరుకొనెను. ఒకే నోటినుండి దీవెనయు శాపమును రాకూడదని యాకోబు హెచ్చరించినది ఇందుకే.

మేము ఈ వారము ఆ యౌవనుని యింటికి క్షమాపణ కోర వెళ్లుచున్నాము. మీరును ఒక్క పేరును నోట దాచుకొని, ఇరుగుపొరుగుతో కాక దేవునితో మాత్రమే మాటలాడుడి. వారు తమంతట ఈదువరకు మోయుడి. ఈదగలిగిన దినమున సంతోషముతో విడువుడి.

ప్రార్థన: ప్రభువా, మా నోటిని నీ చిన్నవారికి ఆశ్రయముగా చేయుము. ఆమేన్.