ఎర్రగుడి బండలు, మనశ్శాంతి



చిప్పగిరి ప్రాంతంలో ఒక ఆదివారం పూజ ముగిశాక ఒక రైతు నా దగ్గరకు వచ్చాడు. "ఫాదర్, కొన్నాళ్ళుగా తెల్లవారుజామున కళ్ళు మూసుకుని ధ్యానం చేస్తున్నాను. బుద్ధుడి మాటలు కూడా చదువుతున్నాను. రాత్రిళ్ళు నిద్ర బాగా పడుతోంది. ఇది పాపమా?" అన్నాడు.

పాపం కాదన్నాను. బౌద్ధమతం ఈ మార్పుచెందే లోకం మనిషికి చాలదని గుర్తించిందని, ఇతర మతాలలో సత్యమూ పవిత్రమూ అయినదాన్ని తిరుసభ తోసిపుచ్చదని రెండవ వాటికన్ మహాసభ 1965 అక్టోబరు 28న ప్రకటించింది. 1986లో అస్సీసీ పట్టణంలో జరిగిన శాంతి ప్రార్థనకు రెండవ జాన్ పాల్ పాపుగారు దలైలామాను కూడా ఆహ్వానించారు.

తరువాత నేనొక ప్రశ్న అడిగాను. "గట్టు తగాదా వచ్చినప్పటినుంచి మీ అన్నతో మాటల్లేవు కదా నాయనా! ఇప్పుడు మాట్లాడుతున్నావా?" అతను తలవంచుకున్నాడు. "ఇప్పుడు ఆ సంగతి నన్ను బాధపెట్టడం లేదు ఫాదర్" అన్నాడు.

ఆ జవాబు నన్ను ఆలోచింపజేసింది. బాధ పోవడమూ శాంతి రావడమూ ఒకటేనా?

దీనికి మన జిల్లాలోనే ఒక సాక్ష్యం ఉంది. గుత్తి, పత్తికొండల మధ్య జొన్నగిరి దగ్గర ఎర్రగుడి బండలపై అశోక చక్రవర్తి శాసనాలున్నాయి. వాటిలో పదమూడవది కళింగ యుద్ధాన్ని గురించినది. లక్షమంది హతులయ్యారనీ, లక్షన్నరమందిని చెరపట్టి తరలించారనీ, అందుకు తాను పశ్చాత్తాపపడుతున్నాననీ రాజే చెప్పుకున్నాడు. ఇరవైరెండు వందల ఏండ్లకు పైగా ఆ పశ్చాత్తాపం మన నేలమీద నిలిచి ఉంది.

అయితే ఒక విచిత్రం. గాయపడిన కళింగదేశంలో, ధౌలి, జౌగడలలో ఆ పదమూడవ శాసనం లేదు. అక్కడ దాని బదులు ప్రజలందరూ నా బిడ్డలనీ, అధికారులు వారిని న్యాయంగా చూడాలనీ వేరే శాసనాలు చెక్కించాడు. అది మంచిదే. కానీ పశ్చాత్తాపం ఇక్కడ మనకు చెప్పాడు, దెబ్బతిన్నవారి ఊళ్ళో ఆ మాట చెక్కించలేదు. ఎందుకో అతని హృదయం దేవునికే ఎరుక. అతనిలో మనల్ని మనం చూసుకోవడం మాత్రం మంచిది. గురువు దగ్గర పాపసంకీర్తనం చేయడం తేలిక. పక్కింటి తలుపు తట్టడం కష్టం.

ఇది బుద్ధుని బోధలోని లోపం కాదు. దుఃఖానికి తృష్ణ కారణమని చెప్పిన ఆయన ధ్యానంతో ఆగలేదు. అష్టాంగ మార్గంలో మంచి మాట, మంచి పని, మంచి జీవనోపాధి కూడా చేర్చాడు. మైత్రి, కరుణ బోధించాడు. మనం వాటిని వదిలి నిద్రను మాత్రం తీసుకుంటే, తప్పు మనదే.

మన విశ్వాసం ఇంకొక అడుగు వేయమంటుంది. శాంతి మన సాధనతోనే సంపాదించుకునేది కాదు, అది దేవుని వరం. ఆ వరం ఒంటరిగా రాదు. నీ సహోదరునికి నీపై ఏదైనా మనస్పర్ధ ఉంటే, కానుకను పీఠం ముందే విడిచి, మొదట అతనితో సమాధానపడమని క్రీస్తునాథుడు బోధించాడు (మత్తయి 5:23-24). కానుక ఎంత మంచిదైనా సరే, ధ్యానమైనా సరే, అది అన్న తరువాతే.

ఆ రైతుతో ధ్యానం మానవద్దన్నాను. "రేపు కళ్ళు మూసుకున్నప్పుడు మీ అన్న ముఖం తలచుకో. తరువాత లేచి గట్టు దాకా నడిచి వెళ్ళు" అన్నాను. వెళ్ళాడో లేదో నాకింకా తెలియదు. ఈ వారం మనలో ఎవరెవరు ఏ గట్టు దాకా నడవాలో మాత్రం మనకు తెలుసు.