అమ్మకంలో వాటా ఇస్తే దానమేనా?

 

ఈ మధ్య కొన్ని హోటళ్లలో గల్లాపెట్టె పక్కన ఒక బోర్డు కనబడుతోంది. ఈ రోజు అమ్మకంలో నూటికి ఇంత అనాథ పిల్లలకు, ఈ నెల అమ్మకంలో ఇంత ఫలానా సేవా సంస్థకు అని రాసి ఉంటుంది. మీరూ చూసే ఉంటారు. భోంచేసి బిల్లు కట్టి బయటికొస్తుంటే, మనమూ ఒక మంచి పనికి చెయ్యి కలిపామన్న తృప్తి కలుగుతుంది. తప్పేం లేదు. కానీ ఉపాసకులం కాబట్టి ఒక ప్రశ్న వేసుకుందాం. అక్కడ దానం చేసింది ఎవరు? ఓనరా, తిన్న మనమా, వంటింట్లో చెమటోడ్చినవాళ్లా?

హోటల్ అనేది మనవాళ్లకి ఉత్త తిండి దొరికే చోటు కాదు. మన తాతలు కాకా హోటల్ బయట నిలబడి, విడిగా పెట్టిన గ్లాసులో టీ తాగి, ఆ గ్లాసు తామే కడిగి పెట్టొచ్చారు. రెండు గ్లాసుల పద్ధతి పుస్తకాల్లో చదివి తెలుసుకున్నది కాదు, ఇంట్లో విని పెరిగింది. అందుకే రాజ్యాంగం 15వ అధికరణలో దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువుల పేరెత్తి మరీ, కులం పేరుతో ఎవర్నీ ఆపకూడదని రాసుకోవాల్సొచ్చింది. అలాంటిది ఇవాళ మనవాళ్లే హోటల్ పెట్టి, వచ్చినవాళ్లందరికీ ఒకే గ్లాసులో నీళ్లిచ్చి, అమ్మకంలో కొంత పేట పిల్లల లైబ్రరీకి ఇస్తున్నారంటే చిన్న విషయం కాదు. ముందు ఈ మాట ఒప్పుకుని తర్వాత మిగతాది మాట్లాడుకుందాం.

మా విహారానికి వచ్చే ఒక తమ్ముడికి చిన్న మెస్ ఉంది. ఒక జయంతి నెలలో అమ్మకంలో పది శాతం లైబ్రరీకని బోర్డు పెట్టాడు. స్టేజీ మీద చెక్కు ఇచ్చాడు, ఫోటోలు తీశారు. మర్నాడు వందన అయ్యాక నన్ను పక్కకి పిలిచి, "అన్నా, ఇది దానమా, అడ్వర్‌టైజ్‌మెంటా? నాకే అర్థం కావట్లేదు" అన్నాడు. ఎవరో ఎగతాళి చేశారట, బోర్డు పెట్టాక గిరాకీ పెరిగింది కదా, ఇదేం దానం అని.

ఆ ఎగతాళి నాకు నచ్చలేదు. పేరు రాసుకోవడమే తప్పయితే మన అమరావతి స్తూపం మీద సగం రాళ్లు తప్పుడు రాళ్లే. అక్కడ ఒక పూర్ణఘటం ఫలకం మీద దాత పేరుంది. విధికుడు. చమ్మకారుడు, అంటే తోలుపని చేసేవాడు. నాగుడనే ఉపాధ్యాయుడి కొడుకు. తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, కొడుకు నాగుడితో, కూతుళ్లతో, బంధుమిత్రులతో కలిసి ఇచ్చానని చెక్కించుకున్నాడు. తోలుపనివాడి తండ్రి ఉపాధ్యాయుడట, ఆ ఒక్క మాట దగ్గర కాసేపు ఆగండి. ఆయన పేరు రాసుకోకపోతే ఇవాళ మనకి ఆ సంగతే తెలిసేది కాదు. పేరు చెప్పుకోవడం వేరు, పేరు కోసమే ఇవ్వడం వేరు. ప్రతిఫలం ఆశించకుండా ఇచ్చేదే దానమని బాబాసాహెబ్ 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో చెప్పారు, నిజమే. కానీ మనిషి మనసులో ఒక్క ఉద్దేశమే ఉండదు. తమ్ముడికి లైబ్రరీ మీద ప్రేమా ఉంది, గిరాకీ మీద ఆశా ఉంది. ఇచ్చుకుంటూ పోతే ఆ ఆశ పల్చబడుతుంది. మొదటి రోజే శుద్ధమైన మనసుతో రమ్మంటే విహారానికి ఒక్కరూ రారు.

కాబట్టి నేను బోర్డు గురించి అడగలేదు. లెక్క అడిగాను.

వంద రూపాయల మీల్స్ అనుకుందాం. బియ్యం, నూనె, కూరగాయలు, గ్యాస్, అద్దె, కరెంటు, జీతాలు, పన్ను పోగా ఓనర్‌కి పది మిగిలిందనుకోండి, ఊరికే లెక్క కోసం. అమ్మకంలో పది శాతం ఇచ్చాడంటే మిగిలిందంతా ఇచ్చేసినట్టు. అలా ఇచ్చే మనిషికి వందనం. కానీ అతనికీ పెళ్లాం పిల్లలున్నారు, ఇల్లు గడవాలి. మరి ఆ పది ఎక్కణ్ణుంచి వస్తుంది? ధర పెంచితే తినేవాడి జేబులోంచి. కూర తగ్గిస్తే తినేవాడి కంచంలోంచి. సరుకులవాడి బాకీ నిలిపితే వాడి ఇంట్లోంచి. జీతం ఆపితే పనివాళ్ల పొయ్యి మీంచి.

తమ్ముడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు, గిన్నెలు తోమే అక్కకి రెండు నెలల జీతం బాకీ ఉందని. చెక్కు ఇచ్చిన రోజుకీ బాకీ ఉంది.

ఇక్కడ మన రెండో శీలం గుర్తు చేసుకోండి. "అదిన్నాదానా" అని రోజూ అంటున్నాం. చాలామంది దాంట్లో 'దానం' ఉందనుకుంటారు. లేదు. అదిన్న అంటే ఇవ్వనిది, ఆదానం అంటే తీసుకోవడం. ఇవ్వనిది తీసుకోకుండా ఉంటానని మాటిస్తున్నాం. ఆ అక్క తన రెండు నెలల కూలి లైబ్రరీకి ఇస్తానని ఎవరికీ చెప్పలేదు. ఇవ్వనిదాన్ని తీసుకుని ఇంకొకరికిస్తే దాత ఎవరు? తినేవాడి సంగతీ అంతే. మీల్స్ మీద పది రూపాయలు ఎక్కువ తీసుకుంటున్నాం, అది లైబ్రరీకి అని బోర్డు మీద తేటగా రాస్తే, ఇష్టమైనవాడు తింటాడు, అది తినేవాడి దానం. చెప్పకుండా గరిటె చిన్నది చేస్తే దానం కాదు.

తథాగతుడు ఈ వరస ఎంత స్పష్టంగా చెప్పాడో చూడండి. అంగుత్తర నికాయంలో అనాథపిండికుడికి, కష్టపడి, చెమటోడ్చి, ధర్మంగా సంపాదించిన ధనాన్ని ఎలా వాడాలో చెబుతాడు. మొదట తాను, తల్లిదండ్రులు, భార్యాబిడ్డలు, పనివాళ్లు సుఖంగా ఉండాలి. శ్రమణులకిచ్చే దానం చివర్న వస్తుంది. పనివాళ్లని ఇంటివాళ్లతో కలిపి మొదటి వరసలోనే కూర్చోబెట్టాడు. సిగాలోవాద సుత్తంలో యజమాని చేయాల్సిన ఐదు పనులున్నాయి: బలానికి తగ్గ పని చెప్పడం, తిండీ జీతం ఇవ్వడం, జబ్బు చేస్తే చూసుకోవడం, మంచి రుచులు దొరికితే వాళ్లతో పంచుకోవడం, సమయానికి సెలవివ్వడం. హోటళ్ల కోసమే చెప్పినట్టు లేదూ? కస్టమర్‌కి వేడి బిర్యానీ, క్లీనర్ కుర్రాడికి రాత్రి మిగిలిన సాంబారన్నం! నాలుగో మాట ఏ హోటల్లోనైనా అతికించాలి.

బాబాసాహెబ్ కూడా 1956 అక్టోబర్ 15న నాగపూర్‌లో మాట్లాడుతూ, ప్రతి ఒక్కరూ తన సంపాదనలో ఇరవయ్యో వంతు ధమ్మం పనికి ఇవ్వాలని కోరారు. తన సంపాదనలో అన్నారు. గల్లాపెట్టెలో పడ్డదంతా ఓనర్ సంపాదన కాదు. ఇవ్వాల్సినవాళ్లకి ఇచ్చాక మిగిలింది సంపాదన. అందులో ఐదు శాతమంటే బోర్డు మీద చిన్న అంకెగా కనబడొచ్చు, కానీ అది నిజంగా అతని జేబులోంచి వచ్చింది.

అమెరికాలో, న్యూయార్క్ పక్కన యాంకర్స్ అనే ఊళ్లో గ్రేస్టన్ బేకరీ ఉంది. బెర్నీ గ్లాస్‌మన్ అనే జెన్ బౌద్ధ గురువు 1982లో మొదలుపెట్టాడు. లాభాలతో ఇల్లు లేని కుటుంబాలకి ఇళ్లు, పిల్లల సంరక్షణ కేంద్రం లాంటి పనులు నడిపారు. అయితే నాకు ఎక్కువ నచ్చింది వాళ్లు పనిచ్చే తీరు. జైలుకెళ్లొచ్చారా, మత్తుకి బానిసయ్యారా అని అడగరు. జాబితాలో పేరు రాసుకుంటే, వంతు వచ్చినప్పుడు పని. బయట సంస్థకి చెక్కు ఇవ్వడానికి ముందే, గుమ్మం లోపల ఇవ్వాల్సింది ఇచ్చారన్నమాట. మన పేటలో ఒక కుర్రాడికి వంట నేర్పి మాస్టర్‌ని చేస్తే ఆ ఇల్లు మొత్తం నిలబడుతుంది. దానికి ఏ స్టేజీ మీదా శాలువా కప్పరు.

ఇంకో మాట. జయంతికి బార్ అండ్ రెస్టారెంట్ వాళ్లిచ్చే చందా తీసుకోవచ్చా అని అడుగుతుంటారు. ఉపాసకుడు చేయకూడని ఐదు వ్యాపారాల్లో మద్యం ఒకటి. మన ప్రతిజ్ఞల్లోనూ మద్యం తాగనని ఉంది. ఆ డబ్బు మన ఇళ్లలోంచే పోయి, అందులో పిసరంత ఫ్లెక్సీగా తిరిగొస్తోంది. నేనైతే వద్దంటాను. కమిటీలో గొడవైనా సరే.

ఇచ్చేవాళ్లనే అడుగుతున్నాం కానీ, తీసుకునే మనం? నాసిక్ గుహల్లో ఉషవదాతుడి శాసనం ఉంది. నహపానుడి అల్లుడు, రాజవంశం మనిషి. 3,000 కార్షాపణాలు సాలెవాళ్ల శ్రేణుల దగ్గర పెట్టాడు. 2,000 మీద నెలకి నూటికి ఒకటి వడ్డీ, అది ఇరవైమంది భిక్షువుల చీవరాలకి, ఒక్కొక్కరికి 12. మిగతా 1,000 మీద నూటికి ముప్పావు. అసలు ముట్టుకోకూడదు. ఇదంతా ఊరి సభలో చదివి వినిపించి, పలక మీద రాయించి, గుహ గోడ మీద చెక్కించాడు. ఎవడైనా వచ్చి చదువుకోవచ్చు. మన సంఘాల్లో పోయిన జయంతి లెక్క ఎంతమందికి తెలుసు? హోటల్‌వాడు పది వేలిచ్చాడని మైకులో చెబుతాం, ఆ పది వేలు ఏ పుస్తకాలయ్యాయో చెప్పం. అక్కడా 'అదిన్నాదానా' ఉంది బంధువులారా. పిల్లలకని ఇచ్చిన డబ్బు పిల్లలదే.

తమ్ముడు ఆ వారంలోనే అక్క బాకీ తీర్చాడు. బోర్డు మార్చాడు. "జీతాలు, బాకీలు పోగా మిగిలిన దాంట్లో ఇరవయ్యో వంతు లైబ్రరీకి" అని రాసి, కింద ప్రతి నెలా ఎంతిచ్చాడో చాక్‌పీసుతో రాస్తున్నాడు. లైబ్రరీవాళ్లు కూడా ఆ డబ్బుతో కొన్న పుస్తకాల పేర్లు తలుపు మీద అంటిస్తున్నారు. ఆషాఢంలో వానలకి గిరాకీ పడిపోయింది. ఫోన్ చేశాడు. "అన్నా, జీతాలిచ్చాక ఏమీ మిగల్లేదు. బోర్డు తీసెయ్యనా?"

"తియ్యకు. ఉన్నదే రాయి" అన్నాను.

ఆ నెల కింద సున్నా రాసి ఉంది. నేను వెళ్లి చూశాను, అక్కడే భోంచేశాను. పక్క టేబుల్లో ఆయన సర్వర్‌ని అడుగుతున్నాడు, సున్నా ఏంటయ్యా అని.

"మాకు జీతాలొచ్చాయి సార్" అన్నాడు ఆ కుర్రాడు.