దారి తప్పిన బాలురు – సత్సంగము

సాంగత్యమును బట్టి మనుజుని నడవడి ఏర్పడునని పెద్దలు చెప్పుదురు. సజ్జన సాంగత్యము తరింపజేయును. దుర్జన సాంగత్యము ముంచివేయును. అట్లయినచో నేరము చేసి న్యాయమూర్తి యెదుట నిలిచిన బాలురను ఒకచోట చేర్చి మంచి మాటలు చెప్పుట వారిని బాగుచేయునా, మరింత చెడగొట్టునా?

ఈ ప్రశ్న ఊహామాత్రము కాదు. భారతదేశమున 2015 నాటి బాల న్యాయ చట్టము, నేరము చేసినట్లు తేలిన బాలుని సామూహిక కౌన్సెలింగునకు పంపు అధికారమును బాల న్యాయ మండలికి ఇచ్చినది. ఉద్దేశము ఉత్తమమే. కాని సదుద్దేశము మాత్రమే చాలదని అమెరికా దేశపు అనుభవము చాటుచున్నది.

బాలురు నేరమార్గమున పడకుండ కాపాడుటకై మసాచుసెట్స్ రాష్ట్రమున 1939లో ఒక సేవాకార్యక్రమము ఆరంభమయ్యెను. చదువు, వైద్యము, పెద్దల స్నేహము, వేసవి శిబిరములు అన్నియు సమకూర్చిరి. జోన్ మెకార్డ్ అను విదుషి 30 ఏండ్ల తరువాతి ఫలితములను పరిశీలించి 1978లో ప్రకటించెను. సాయము పొందినవారు పొందనివారికంటె బాగుపడలేదు సరికదా, కొన్ని విషయములలో వెనుకబడిరి. శిబిరములకు పలుమార్లు వెళ్లినవారికే హాని అధికముగ కనబడెను. థామస్ డిషన్ మున్నగువారితో కలిసి ఆమె 1999లో దీనికి కారణమును సూచించెను. తోటివారి యెదుట దుశ్చేష్టలను చెప్పుకొనినపుడు లభించు నవ్వు, మెప్పు బాలునకు బహుమానమగును. పెద్దల ఉపదేశముకంటె ఆ నవ్వే బలవత్తరమైన గురువు.

అట్లని గోష్ఠినే మానవలెనా? భాగవతము సప్తమ స్కంధమున దీనికి సమాధానము కలదు. గురువులైన చండామార్కులు గృహకార్యములకై వెళ్లినపుడు దైత్యబాలురు ప్రహ్లాదుని ఆటలకు పిలిచిరి. అతడు వారిని నిందింపలేదు. చిరునవ్వుతో దగ్గరకు పిలువగా వారు ఆటవస్తువులను విడిచి చుట్టును కూర్చుండిరి. అందరును అసురకుల సంజాతులే. ఐనను నడుమ నున్నవాని చిత్తము హరియందు నిలిచియుండుటచే ఆ గుంపు సత్సంగమాయెను.

కావున గుంపును నిర్ణయించునది అందలివారి పూర్వచరిత్ర కాదు. ఆ గుంపు దేనిని మెచ్చుకొనునో అదియే. దొంగతనమును వర్ణించి నవ్వించినవాడు అచ్చట వీరుడైనచో అది దుస్సంగము. తనచే బాధింపబడినవారి దుఃఖమును తలచి సిగ్గుపడినవాడు, పొంగివచ్చిన కోపమును నిగ్రహించినవాడు అచ్చట గౌరవము పొందినచో అది సత్సంగము. అందులకు అనుభవజ్ఞుడగు పెద్ద వారి నడుమ కూర్చుండవలెను. ప్రతి కూడికకు ఒక క్రమము, ఒక పని ఉండవలెను.

ఐనను బాలుడు చివరకు తిరిగివచ్చునది తన యింటికే, తన వీధికే. అచ్చట "దొంగ" యని పిలిచి తలుపు మూసినచో అతనిని ఆదరించునది పాత గుంపే. దారిదోపిడి చేసిన తిరుమంగై ఆళ్వారును స్వామి తానే యెదురేగి మంత్రోపదేశముచే తనవానిగ చేసికొనెనని గురుపరంపర చెప్పుచున్నది. ఆ ఆళ్వారు సన్నిధిలో చేతులు జోడించు గృహస్థుడు, తన వీధిలోని దారి తప్పిన బాలుని ఒక్క మంచిమాటతో పలుకరించుట ఆ స్వామికి ప్రీతికరమైన కైంకర్యము.