వెలిగింది కదా అనకు తల్లీ

రామ్మా, కాసేపు ఈ అరుగు మీద కూర్చో. ఆ ఫోను పక్కన పెట్టు. మీ ఎమ్మిగనూరు ఇంట్లో మొక్కలకని దీపం తెప్పించుకున్నావని మీ అమ్మ చెప్పింది. సంతోషం. మట్టి మిద్దె కింద, గవాచిలోంచి పడే గుప్పెడు వెలుతురులో పుదీనా పెంచుకుంటానంటే ఎవరు కాదంటారు? కానీ దీపానికి ప్లగ్గు రాలేదని ఉత్త వైర్లే సాకెట్టు బెజ్జాల్లో దూర్చి అగ్గిపుల్లలు కుక్కావట. మీ అమ్మ కోప్పడితే "వెలిగింది కదా" అన్నావట. ఆ మాటే నన్ను నిద్రపోనివ్వలేదు.

వెలగడానికి రెండు వైర్లు చాలు తల్లీ. మూడోది, ఆ పచ్చ వైరు, దీపం కోసం కాదు, నీ కోసం. అది లేకపోయినా దీపం వెలుగుతుంది. అందుకే తొందరపడేవాళ్ళు దాన్నే వదిలేస్తారు. నీ దీపానిది రేకు ఒళ్ళు. లోపల ఎప్పుడో ఫేజు వైరు తోలు ఊడి ఆ రేకుకు తగిలిందనుకో. ఎర్తు ఉంటే కరెంటు ఆ దారిన భూమిలోకి పోతుంది, ఫ్యూజు కొట్టేస్తుంది. ఎర్తు లేకపోతే రేకంతా కరెంటే, దీపం మాత్రం మామూలుగా వెలుగుతూనే ఉంటుంది. నువ్వు మొక్కలకు నీళ్ళు చల్లి, తడి చేత్తో దాన్ని ఇటు జరుపుతావు. కింద బండల నేల, కాళ్ళకు చెప్పులుండవు.

ఇరవై వాట్ల దీపంలో ఏముందిలే అనకు. మన కరెంటు 230 వోల్టులు. 20 వాట్ల దీపం తీసుకునేది ఆంపియరులో పదో వంతు కూడా ఉండదు. అందులో మూడో వంతు, అంటే 30 మిల్లీ ఆంపియర్లు, గుండె మీదుగా పోతే ప్రాణానికి ముప్పే. అంత చిన్న కరెంటుకు ఎంసీబీ కదలదు. దానికి పడిపోయే ఆర్‌సీసీబీ అని వేరే ఉంటుంది. మీ నాయనతో చెప్పి పెట్టించు, ఒక నెల చీర కొనకపోయినా పర్వాలేదు.

నేను ఆదోని పత్తి మిల్లుల్లో వైరింగు పని చేసినవాణ్ణి. జిన్నింగు జరిగేచోట గాలంతా దూదినూగే. స్క్రూ వదులైతే అక్కడ వైరు వేడెక్కుతుంది, నిప్పురవ్వ లేస్తుంది, ఆ నూగులో రవ్వ పడితే ఇంకేముంది. మా మేస్త్రీ ప్రతి బిగింపునూ ఒకసారి లాగి చూసేవాడు. ఇప్పటికీ ఏది బిగించినా నా చెయ్యి దానంతటదే లాగి చూస్తుంది. నీకూ ఆ అలవాటు రావాలి.

పని పెద్దదేం కాదు. ఐఎస్ఐ గుర్తు, దాని దగ్గర 1293 అన్న అంకె ఉన్న మూడు పిన్నుల ప్లగ్గు కొను. లోపల ఎల్, ఎన్, ఈ అని అక్షరాలుంటాయి. ఫేజు ఎల్‌కు, న్యూట్రల్ ఎన్‌కు, ఎర్తు ఈకి, ఆ లావుపాటి పొడుగు పిన్నుకు. అది పొడుగ్గా ఎందుకుందో తెలుసా? ప్లగ్గు పెట్టేటప్పుడు ఎర్తు ముందు తగలాలి, తీసేటప్పుడు చివర వదలాలి. నువ్వు కూడా లోపల పచ్చ వైరును మిగతా రెండింటికన్నా కొంచెం పొడుగ్గా ఉంచు. ఎవరైనా కాలు తగిలి వైరు లాగినా ఎర్తు ఆఖరున ఊడుతుంది.

1938లో మాచాని సోమప్ప గారు చేనేత సంఘం పెట్టిన ఊరు మీది. తెగిన పడుగు పోగును మీ జేజి వేళ్ళతో నలిపి అతకడం చూస్తూ పెరిగావు. ఒక్క పోగు వదిలేస్తే గుడ్డలో గీత పడుతుంది. ఈ రాగి పోగులూ అంతే. అన్నీ కలిపి పురి పెట్టి స్క్రూ కిందికి తొయ్యి. ఒక్క పోగు బయటికొచ్చి పక్క పిన్నును తాకినా షార్టే. వైరు పైతోలు మీద పట్టీ బిగించు, లాగితే బరువు దాని మీద పడాలి గాని స్క్రూల మీద కాదు.

ఇంకొకటి. వీడియోలు చూసి రంగులు పట్టుకోకు. మన పాత పద్ధతిలో ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్, పచ్చ ఎర్తు. కొత్త వైర్లలో గోధుమ రంగు ఫేజు, నీలం న్యూట్రల్, పచ్చలో పసుపు గీతది ఎర్తు. అమెరికాలో నలుపే ఫేజు. అక్కడివాడు చెప్పింది ఇక్కడ చేస్తే తలకిందులవుతుంది.

ఇంత చేసినా గోడలో ఎర్తు లేకపోతే నీ పచ్చ వైరు ఉత్తదే. మీ ఇంటి వెనక బొగ్గు, ఉప్పు వేసి పూడ్చిన ఎర్తు గుంత ఉందే, దాన్ని ఎన్నాళ్ళయింది చూసి? మన పడమటి సీమ ఎండలకు నేల ఎండిపోతుంది, ఎండిన నేల కరెంటును తీసుకోదు. పుదీనాకు రోజూ పోస్తావు కదా, వేసవిలో ఆ గుంతలోనూ రెండు బిందెలు పోస్తుండు. దానికి ఆకులు రావు, పూలు రావు. అందుకే ఎవరికీ గుర్తుండదు.

దీపం తగిలించాక వైరును సాకెట్టు కంటే కిందికి ఒక వంపు వేలాడనివ్వు. వైరు వెంబడి జారిన నీటిచుక్క ఆ వంపు దగ్గర కింద పడిపోతుంది, సాకెట్టులోకి ఎక్కదు.

ముందు ఆ అగ్గిపుల్లలు తియ్యాలి. స్విచ్చు ఒక్కటి ఆపి తియ్యకు, పాత ఇళ్ళలో స్విచ్చు న్యూట్రల్ మీద ఉన్నా ఉంటుంది. మెయిన్ ఆపాలి, చేతులు తుడుచుకోవాలి, చెప్పులేసుకోవాలి. అసలు నువ్వు ముట్టుకోవద్దు, మీ నాయన వచ్చేదాకా ఆగు. ఆదివారం పొద్దున బస్సుకు నేను టెస్టరు తీసుకుని వస్తా, ప్లగ్గు నీ చేత్తోనే బిగిద్దువు. అంతవరకూ ఆ కుండీలను గవాచి కిందికి జరుపు తల్లీ, నాలుగు రోజులకు పుదీనా చచ్చిపోదు.