వారి యింటి నీళ్లు త్రాగితిమా?

ధ్యానభాగము: యోహాను 4:1–42; రోమా 15:7



ఆదివారమున మన గుడికి ఒక క్రొత్త కుటుంబము వచ్చినదనుకొనుడి. మనము వారికి వందనము చెప్పుదుము, చాప వేయుదుము, పాటల పుస్తకము చేతికిత్తుము. ఆరాధన ముగియగానే ఎవరి యింటికి వారము పోవుదుము. వారిని చేర్చుకొన్నామని మన మనస్సు తృప్తిపడును. ఇది నిజముగా చేర్చుకొనుటయేనా? ఈ ప్రశ్నను ఈ నెల మనము కలిసి ఆలోచింతము.

నా అనుభవమొకటి చెప్పెదను. నేను సంఘపెద్దగా నున్నప్పుడు, కూలిపనికై వేరొక జిల్లానుండి ఒక కుటుంబము మా గ్రామమునకు వచ్చినది. ఎనిమిది నెలలు వారు ప్రతి ఆదివారము గుడికి వచ్చి, ద్వారము ప్రక్కనే కూర్చుండిరి. క్రిస్మసుకు మేము వారికి బట్టలు పెట్టితిమి, బియ్యమిచ్చితిమి. పిమ్మట వారు రావడము మానిరి. నేను వెళ్లి అడుగగా ఆ తల్లి యిట్లనెను: “అందరూ మంచోళ్లేనయ్యా. మమ్మల్ని ఒక్క మాట అన్నోళ్లు లేరు. పిల్లోడు జ్వరంతో పది రోజులు మంచాన పడితే ఎవర్ని పిలవాలో మాత్రం మాకు తోచలేదు.”

తరువాత ఆమె చెంబుతో నీళ్లు తెచ్చి, నాకిచ్చుటకు సందేహించుచు నిలిచెను. నేను త్రాగుదునో లేదో ఆమెకు తెలియదు. ఎనిమిది నెలల మా సహవాసము ఆమెకు ఆపాటి ధైర్యమైనను ఇయ్యలేదు. నేను నీళ్లు త్రాగితిని గాని సిగ్గుతో త్రాగితిని. వారము దినములలో పని ముగిసి వారు మరియొక ఊరికి పోయిరి.

మేము చేసిన తప్పేమి? ఇచ్చితిమి గాని పుచ్చుకొనలేదు. ఇచ్చువాడు ఎల్లప్పుడు పైనను, పుచ్చుకొనువాడు క్రిందను ఉండును. ఎప్పుడును ఇచ్చుచునే యుండువాడు దాతయగునేమో గాని సహోదరుడు కాడు.

సుఖారను ఊరి బావియొద్ద మన ప్రభువు చేసినది చూడుడి. ఆ స్త్రీకి ఇయ్యదగిన జీవజలము ఆయనయొద్ద నున్నది. అయినను ఆయన మొదట ఇయ్యలేదు, అడిగెను. ప్రయాణముచేత అలసినవాడై, యూదులు సాంగత్యము చేయని సమరయ స్త్రీ చేతి నీళ్లు కోరెను. ఆమె ఆశ్చర్యపడినది అందుకే. ఆ పిమ్మట ఆ ఊరివారు వేడుకొనగా రెండు దినములు వారి మధ్యనే యుండెను. జక్కయ్యకును ఆయన ధర్మము చేయలేదు. నీ యింట నేను దిగవలెనని చెప్పెను. ప్రభువు మనుష్యులను చేర్చుకొను విధమిది. వారి యింటికి ఆయన అతిథియగును.

ఈ సంగతిని బిషప్పు అజరయ్యగారు బాగుగా ఎరుగుదురు. వారు తిరునెల్వేలి ప్రాంతపు తమిళులు. 1909లో దోర్నకలుకు వచ్చి, మన తెలుగు నేర్చి, మన పల్లెలలో తిరిగిరి. 1910లో స్కాట్లండులోని ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనెరీ మహాసభలో, తెల్లవారి యెదుట నిలిచి నిర్భయముగా మాటలాడిరి. మిషనెరీలు తమ ఆస్తిని, దేహములను సహితము మా కొరకు ధారపోసిరి, అందుకు కృతజ్ఞులము. అయినను మాకు ప్రేమ కావలెను, స్నేహితులు కావలెను అని వారి మాటల సారాంశము. రెండేండ్లకు, 1912లో, వారే ఆంగ్లికను సంఘములో మొదటి భారతీయ బిషప్పు అయిరి.

ఆ మాట ఆనాడు దొరలకు తగిలెను. నేడు మనకు తగులవలదా? మన తాతలనేకులను ఊరి బావి దరికి రానీయలేదు. వారి దోసిలిలో పైనుండి నీళ్లు పోసినవారుండిరి గాని, వారి కుండనుండి త్రాగినవారు లేరు. ఆ బాధ ఎరిగిన యిండ్లలో పుట్టిన మనమే, మాలలకొక గుడి, మాదిగలకొక గుడి అని వేరుపడియున్న గ్రామములు మనకు తెలియనివా? అంటరానితనము 1950 నుండి మన రాజ్యాంగపు 17వ అధికరణముచేత నిషిద్ధము. అయితే చట్టము అడ్డుగోడను కూల్చగలదు గాని స్నేహితుని పుట్టింపజాలదు. ఆ పని సంఘమునకు మిగిలినది.

“స్నేహము ఆజ్ఞవలన పుట్టునా? మనస్సు కలియనిదే ఎట్లు?” అని కొందరడుగుదురు. ఇది న్యాయమైన ప్రశ్నయే. మనస్సును ఎవరును ఆజ్ఞాపింపలేరు. కాని కాళ్లను ఆజ్ఞాపింపవచ్చును. భోజన పదార్థములను గూర్చి ఒకరినొకరు తీర్పు తీర్చుకొనుచున్న రోమా సంఘమునకు పౌలు వ్రాయుచు, అందరి మనస్సులు కలియువరకు ఆగుడని చెప్పలేదు. క్రీస్తు మిమ్మును చేర్చుకొన్నట్లు మీరును చేర్చుకొనుడని చెప్పెను. మొదట కాళ్లు గడప దాటిన యెడల, మనస్సు వెనుకనే వచ్చును.

“మాకే అన్నము చాలదు, ఇతరులను ఎట్లు పిలుతుము?” అని మరికొందరందురు. విందు చేయ నక్కరలేదు. వారి యింటికి పోయి, వారి మంచము మీద కూర్చుండి, వారి నీళ్లు త్రాగుటకు ఖర్చేమి? వారి పిల్లల పేర్లు నేర్చుకొనుటకు ఖర్చేమి? పంట నూర్పిడి కానుకల దినమున వారి శేరు బియ్యమును మన బస్తాతో సమానముగా బల్ల మీద ఉంచుటకు ఖర్చేమి? కూటమును ఒకమారు వారి గుడిసెలోనే జరిపిన యెడల, వారు మన మధ్య అన్యులుగా నుండరు.

కనుక ప్రియులారా, వచ్చు ప్రభురాత్రి భోజనమునకు ముందు మనలో ప్రతివాడు తన్ను తాను పరీక్షించుకొనునప్పుడు ఈ ప్రశ్న కూడ వేసికొనవలెను: మన సంఘములో ఎవరి యింటి నీళ్లు నేను ఇంకను త్రాగలేదు? ఆ యిల్లు తోచిన యెడల, ఆ ఆదివారము రాకమునుపే వెళ్లుడి.

ప్రార్థన: సమరయ స్త్రీని దాహమునకు అడిగిన ప్రభువా, మా గర్వమును తీసివేసి, మా సహోదరుని గడప త్రొక్కుటకు మాకు తగ్గింపు దయచేయుము. ఆమేన్.